మహాపురుషుల చేత మాట్లాడించడం ఎలా? (కలకత్తా పద్ధతి)

కలకత్తాలో మా తెలుగు సంఘం ఉగాది ఫంక్షన్‌కి పదకొండేళ్ళుగా స్కిట్లు రాస్తున్నది నేనే. పోయిన మహానుభావుల్ని నలుగుర్ని పట్టుకొచ్చి, ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి, చరిత్ర గురించీ వేదాంతం గురించీ మాట్లాడించడం నా ప్రత్యేకత. వాళ్ళెవరూ ఇంతవరకూ అభ్యంతరం చెప్పలేదు. ఈ విద్య నాతోనే పోకూడదని, నా తర్వాత రాసేవాళ్ళ కోసం కొన్ని చిట్కాలు రాసిపెడుతున్నాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, మీరు అవేం మనసులో పెట్టుకోకండి.

ముందు చోటు. కలకత్తా అన్నాక కాలేజీ స్ట్రీట్ కాఫీ హౌస్ తప్ప వేరే చోటు తలపెట్టకండి. నలుగురు చేరి గంటల తరబడి మాట్లాడుకోవడాన్ని ఇక్కడ అడ్డా అంటారు. మన వైపు అడ్డా అంటే పొద్దున్నే కూలీలు పని కోసం నిలబడే చోటు. ఇక్కడ పని వదిలేసి కూర్చునే చోటు. రామ్మోహన్ రాయ్ గారు 1833లో బ్రిస్టల్‌లో పోయారు, కాఫీ హౌస్ ఉన్న ఆల్బర్ట్ హాలు 1876 నాటిది, అందులో కాఫీ అమ్మకం మొదలైంది 1942లో అంటూ లెక్కలు తీసేవాణ్ణి రిహార్సల్ గడప తొక్కనివ్వకండి. తెల్ల తలపాగా బేరర్ వచ్చి రామ్మోహన్ గారి ముందు ‘ఇన్‌ఫ్యూజన్’ పెట్టాలి. పాలు లేని కాఫీని ఇక్కడ అలాగే అడుగుతారు. కప్పు బల్ల మీద పెట్టగానే హాల్లో చప్పట్లు పడతాయి. సంభాషణ ఇంకా మొదలవకుండానే సగం పనైపోయింది చూశారా!

రెండోది గడ్డం. గడ్డం ఉంటే తత్వవేత్త, లేకపోతే గుమాస్తా. ప్రేక్షకుడికి ఇంతకు మించి గుర్తుపట్టే ఓపిక ఉండదు. మా సంఘానికి టాగూరు గారి గడ్డం ఒకటి సొంతంగా ఉంది, చిత్పూర్ రోడ్డులో జాత్రా నాటక కంపెనీలకు సరుకమ్మే కొట్లో కొన్నాం. అందుకని ఏ పాత్రకైనా అదే. రెండేళ్ళ కిందట ఈశ్వరచంద్ర విద్యాసాగర్‌కి పెట్టాను. ఆయనకి గడ్డమూ లేదు, మీసమూ లేదు, ముందు తల సగం దాకా గొరిగి ఉంటుంది, ఏ బొమ్మలో చూసినా అంతే. అయినా పెట్టాను. మూడో డైలాగుకి గమ్ము ఊడి ఎడమ చెవి దగ్గర దారం జారింది. వేషం కట్టిన బ్యాంకు మేనేజరుగారు తెలివైనవాడు, అరచేత్తో దవడ ఆనించుకుని చివరిదాకా అలాగే మాట్లాడాడు. ఎంత లోతుగా ఆలోచిస్తున్నాడో అనుకున్నారు జనం.

భాష సంగతి చిటికెలో తేల్చేయండి. రామ్మోహన్ గారి తొలి పుస్తకం పారశీకంలో, దానికి ముందుమాట అరబ్బీలో. రామకృష్ణ పరమహంసది కామార్‌పుకూర్ పల్లె యాస. కందుకూరి వీరేశలింగం గారిది రాజమండ్రి. ఇవన్నీ ఒకే రోట్లో వేసి దంచి, అందరి చేతా ఆకాశవాణి వార్తలు చదివించండి.

బల్ల దగ్గర ఒక తెలుగువాడు ఉండి తీరాలి, లేకపోతే చందాలు రావు. విద్యాసాగర్ పక్కన వీరేశలింగం గారిని వేస్తే సరిపోతుంది. ఇక్కడ తొలి వితంతు వివాహం 1856 డిసెంబర్ 7న, రాజమండ్రిలో వీరేశలింగం గారు చేయించింది 1881 డిసెంబర్ 11న. మధ్యలో పాతికేళ్ళు. ఆ పాతికేళ్ళలో ఎవరికెన్ని తిట్లు పడ్డాయో, ఎవర్ని కులం వెలేసిందో చెప్పుకుంటూ కూర్చుంటే భోజనాలు చల్లారిపోతాయి. “భేష్ నాయనా” అని ఒకరు, “తమ దయ” అని ఇంకొకరు అంటే చాలు. రాధాకృష్ణన్ గారు కలకత్తా విశ్వవిద్యాలయానికి వచ్చింది 1921లోనే అయినా, 1856 సీన్‌లోకి కూడా ఆయన్ని తీసుకురావచ్చు. తలపాగా చూడగానే గుర్తుపడతారు.

హాస్యం మాత్రం పనికిరాదు. మహానుభావులు నవ్వరు. 1884 డిసెంబర్లో అధర్‌లాల్ సేన్ ఇంట్లో బంకించంద్ర గారూ పరమహంసా నిజంగానే కలిశారు. బంకిం అంటే వంకర అని అర్థం కదా, నిన్ను వంచిందెవరయ్యా అని పరమహంస అడిగితే, దొరల బూటు దెబ్బలే అన్నాడట బంకిం. తెల్ల ప్రభుత్వం కిందే డిప్యూటీ మేజిస్ట్రేటుగా ఉన్న మనిషి మరి. మనిషి చేయాల్సిన పనులేమిటని అడిగితే తిండీ నిద్రా సంసారమూ అని వేళాకోళం ఆడాడు. పరమహంసకి చిర్రెత్తి గట్టిగానే చివాట్లు పెట్టాడు. ఇలాంటివి వేదిక మీద ఎలా పెడతాం? కొట్టేసి, ఆ జాగాలో ‘ఆత్మ’ అనే మాట నాలుగుసార్లు వాడాను.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది ముగింపు. చివరికి అందరూ ఒప్పేసుకోవాలి, అదీ మీకిష్టమైన మాటకే ఒప్పుకోవాలి. దీనికి అడ్డొచ్చేది నిజంగా జరిగిన సంభాషణలు. 1882 ఆగస్టు 5న పరమహంస బాదుర్‌బాగాన్‌లో విద్యాసాగర్ ఇంటికి వెళ్ళారు. ఇవాళ సాగరాన్ని చేరానని ఈయన, అయితే కాస్త ఉప్పునీళ్ళు పట్టుకెళ్ళండని ఆయన. బర్ద్వాన్ నుంచి వచ్చిన మిఠాయి పెట్టారు. తర్వాత ఎక్కువసేపు మాట్లాడింది పరమహంసే, అంతటి పండితుడూ వింటూ కూర్చున్నాడు. చీకటిపడ్డాక దీపం పట్టుకుని బండిదాకా వచ్చి సాగనంపాడు. నా స్కిట్టులో మటుకు విద్యాసాగర్ కన్నీళ్ళతో కాళ్ళ మీద పడతాడు.

మా అన్నయ్య కూతురు ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, పరమహంస సంభాషణలున్న కథామృతం బెంగాలీలోనే చదివింది. రిహార్సల్ మధ్యలో లేచి, “బాబాయ్, విద్యాసాగర్ పరమహంసని చూడ్డానికి దక్షిణేశ్వరం వస్తానన్నాడు గానీ వెళ్ళనే లేదు కదా,” అంది.

“వెళ్ళకపోతే కథ ఎలా ముగుస్తుందే?” అన్నాను.

“అలాగే ముగిసింది బాబాయ్.”

దానికి ప్రాంప్టర్ పని తీసేసి టిక్కెట్ల దగ్గర కూర్చోబెట్టాను. అసలు సంభాషణలతో వచ్చే చిక్కే ఇది. టాగూరు, ఐన్‌స్టీన్ 1930 జులై 14న జర్మనీలోని కాపుత్‌లో కలిసి, మనిషితో పని లేకుండా సత్యమంటూ ఉంటుందా అని వాదించుకున్నారు. ఎవరు ఏ మాటతో కూర్చున్నారో అదే మాటతో లేచారు. దానికి మీరైతే టిక్కెట్టు కొంటారా?

రెండు పక్షాలకూ సమానంగా మాటలు పంచితే ఏమవుతుందో హెన్రీ దెరోజియోని అడగండి. హిందూ కాలేజీలో పాఠాలు చెప్పేవాడు, వయసు ఇరవై రెండేళ్ళు. దేవుడు లేడంటున్నాడనీ, తల్లిదండ్రుల మాట వినక్కర్లేదంటున్నాడనీ, ఇంకా అంతకన్నా చెప్పకూడని ఆరోపణ ఒకటీ వచ్చి 1831 ఏప్రిల్లో ఉద్యోగం పోయింది. కాలేజీ కమిటీలోని విల్సన్ దొర అడిగితే జవాబు రాశాడు: తను పిల్లలకి చెప్పింది తత్వవేత్త హ్యూమ్ రాసిన సంభాషణలట. ఫిలో, క్లియాంథిస్ లాంటి లేని మనుషుల్ని కల్పించి దేవుడి గురించి వాదింపజేసిన పుస్తకం అది. దాంతోబాటు హ్యూమ్‌కి రీడ్, స్టూవర్ట్ ఇచ్చిన సమాధానాలు కూడా చెప్పానని రాశాడు. అటూ ఇటూ రెండూ చెప్పడమే ఆయన చేసిన తప్పు. ఒక్క పక్షమే చెప్పి ఉంటే, అది కమిటీ వాళ్ళ పక్షమైతే, పెన్షన్ దాకా ఉండేవాడేమో. అదే ఏడాది డిసెంబర్ 26న కలరాతో పోయాడు. ఈ స్కిట్టు ఒకసారి రాయబోయాను. ఫిలో మాటలు మరీ బాగున్నాయి, ఆపేశాను.

ఆయన సమాధి సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానంలో ఉంది. అక్కడే మెలితిరిగిన స్తంభం కింద రోజ్ ఐల్మర్ అనే ఇరవయ్యేళ్ళ పిల్ల ఉంది, ఇంగ్లండు నుంచి పిన్నిగారింటికి వచ్చి 1800లో పోయింది. ఆమె మీద మనసు పడిన వాల్టర్ సావేజ్ లాండర్ తర్వాత 1824 నుంచి సంపుటాలకు సంపుటాలు ‘ఊహా సంభాషణలు’ రాశాడు. సిసిరో దగ్గర్నుంచి వాషింగ్టన్ దాకా పోయినవాళ్ళందరి చేతా మాట్లాడించాడు. ఈ పిల్ల సమాధి మీద చెక్కిన ఆయన పద్యంలో మాత్రం ఆమె నోట ఒక్క మాటా లేదు, తనకి నిద్రపట్టని సంగతే చెప్పుకున్నాడు. అంత అనుభవం ఉండి మంచి అవకాశం చేజార్చుకున్నాడు. దెరోజియో పుట్టింది 1809లోనే అయినా ఇద్దరిదీ ఒకే శ్మశానం కాబట్టి పరిచయం ఉండే ఉంటుంది. వచ్చే ఉగాదికి నేను రాస్తున్నది అదే, మధ్యలో ఒక డ్యూయెట్ కూడా ఉంటుంది.

విద్యాసాగర్ కూడా వస్తాడు. బ్యాంకు మేనేజరుగారికి బదిలీ అయింది, ఆ వేషానికి మనిషి కావాలి. ఆసక్తి ఉన్నవాళ్ళు సంఘం ఆఫీసులో పేరు ఇవ్వండి. గడ్డం మా దగ్గరే ఉంది.