వంద మీటర్ల దొరవారికి ఒక విన్నపం

స్వీకర్త: శ్రీ వంద మీటర్ల దొరవారు, నిషేధిత ప్రాంతం, దేశంలోని రక్షిత కట్టడాలన్నిటి చుట్టూ.

విషయం: మా ఇంటి బాత్రూం గురించి.

దొరా, దండాలు.

ఈ ఉత్తరం ఎవరి పేర రాయాలో తేల్చుకోవడానికే మూడు నెలలు పట్టింది. ఒక ఆఫీసుకు పోతే, “మా చేతుల ఏమున్నది, మీరు వంద మీటర్ల లోపల ఉన్నరు గదా” అన్నారు. రెండో ఆఫీసులో ఫైలు తెరవకుండానే “వంద మీటర్లా?” అని తల అడ్డంగా ఊపారు. మూడో చోట ఒక పెద్దమనిషి కుర్చీ చూపించి, మంచినీళ్లిచ్చి, ఎంతో మర్యాదగా అదే మాట చెప్పాడు. ఇన్ని బల్లల వెనక ఇంతమంది భయపడే పేరు ఒక్కటే ఉందంటే, అసలు దొర మీరేనని అర్థమైంది. తెలంగాణలో దొరతనం పోయిందని బళ్లో చదువుకున్నాం. ఆ పాఠం రాసినవాళ్లు మా ఊరికి టేపు పట్టుకొని వచ్చి ఉండరు.

నేను ఖిలా వరంగల్ వాణ్ణి. మట్టికోట దాటి, అగడ్త దాటి, రాతికోట దర్వాజలో ఒక వంకర తిరిగి లోపలికి వస్తే మధ్యకోట. పొలాలు, గొర్లు, కిరాణా కొట్లు, ఇళ్లు, వాటి నడుమ నాలుగు కీర్తి తోరణాలు. తెలంగాణ రాజముద్రలో ఉన్న తోరణం ఇక్కడిదే. పైవూళ్లవాళ్లు టికెట్టు కొని చూసేదాన్ని మేం పొద్దున్నే పళ్లు తోముకుంటూ చూస్తాం. మా తాత చిన్నప్పుడు ఆ స్తంభాల నీడలోనే గొర్లను పడుకోబెట్టేవాడట. గొప్పకు చెప్పడం లేదు, విచారణలో ఎప్పుడైనా బయటపడుతుందని ముందే చెబుతున్నా.

మాది మట్టిగోడల పెంకుటిల్లు. రెండు అర్రలు, వంటిల్లు, ముందు అరుగు. బాత్రూం దొడ్లో, జామచెట్టు అవతల. మా అమ్మకు 76 ఏళ్లు. నిరుడు వానాకాలం ఒక రాత్రి దొడ్లోకి పోతూ జారిపడింది. ఎముకలేమీ విరగలేదు. కానీ ఆనాటి నుంచి పొద్దుగూకితే నీళ్లు తాగడం మానేసింది. డాక్టరు తాగమంటాడు, ఈమె తల ఊపి వస్తుంది.

అందుకని వెనక అర్రకు ఆనించి ఆరడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల పొడవున ఒక బాత్రూం వేయించుకుందామని సుతారిని పిలిపించాను. ఆయన గోడ చూశాడు, దొడ్డి చూశాడు, ఒకసారి తోరణం వైపు చూశాడు.

“పగటిపూటనా, రాత్రిపూటనా?” అన్నాడు.

“పగలే. పర్మిషన్ తీసుకొని కట్టుకుంటం.”

ఆయన చాయ్ తాగేసి, టేపు జేబులో వేసుకొని, “పర్మిషన్ వచ్చినంక పిలువుండ్రి” అని పోయాడు. ఇప్పటికీ ఎదురైతే నవ్వుతాడు.

అప్పుడే మీ జాతకం చదవడం మొదలుపెట్టాను, దొరా. తల్లి 1958 నాటి పురాతన కట్టడాల చట్టం. మీ పుట్టినరోజు 1992 జూన్ 16. ఆనాటి నోటిఫికేషన్‌తో రక్షిత హద్దు నుంచి వంద మీటర్ల దాకా మీ ఏలుబడి, ఆపైన ఇంకో రెండు వందల మీటర్లు మీ తమ్ముడు నియంత్రిత ప్రాంతం వారి జాగీరు అయ్యాయి. 2010లో చట్టాన్ని సవరించి మీకు ఏకంగా పట్టాభిషేకమే చేశారు. మీ మాట కాదని కడితే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జుర్మానా, లేదా రెండూ. ఈ మూడింటిలో ఏది ఎంచుకున్నా మా అమ్మ నన్నే తిడుతుంది.

చట్టంలో “నిర్మాణం” అన్న మాటకు అర్థం చెప్పిన చోట నేను చాలాసేపు ఆగిపోయాను. ఉన్న ఇంటిని నిలువుగా పెంచినా, అడ్డంగా పెంచినా అది నిర్మాణమే. సరే, ఆరడుగులు ఎనిమిది అడుగులు అడ్డంగా పెంచడమే కదా, దొరికిపోయాం అనుకున్నాను. కింది వరసకు వచ్చేసరికి కళ్లు మెరిశాయి. మోరీలు కడితే అది నిర్మాణం కాదు. జనానికి నీళ్లిచ్చే పనులు, కరెంటిచ్చే పనులు నిర్మాణం కావు. పబ్లిక్ మరుగుదొడ్లు కట్టినా నిర్మాణం కాదు! అంటే దొరా, మా అమ్మ ఒక్కతే వాడుకునే బాత్రూం తోరణానికి ముప్పు. అదే బాత్రూం గోడ మీద “స్త్రీలు” అని రాయించి, ఊరందరికీ తెరిచిపెట్టి, మనిషికి రెండు రూపాయలు వసూలు చేస్తే కాకతీయ సామ్రాజ్యానికి ఏ ఢోకా లేదు. మా అమ్మతో ఈ మాటంటే, “నడింట్ల ఊరోళ్లందరా?” అని చెంబు విసిరింది. కాబట్టి ఆ దారి మూసుకుపోయింది.

పొడిగింపు వద్దు, ఉన్నదే బాగు చేసుకుందామనుకున్నాను. అందుకు మీరు దయతో ఒక కిటికీ ఉంచారు. 1992 జూన్ 16కు ముందు నుంచీ ఉన్న ఇల్లయితే మరమ్మతు చేసుకోవచ్చు, అర్జీ పెట్టుకుంటే. అర్జీ నడకకు చట్టమే గడువులు పెట్టింది: 15 రోజుల్లో పై అథారిటీకి పోవాలి, వాళ్లు రెండు నెలల్లో అభిప్రాయం చెప్పాలి, ఆ తరువాత నెలలో జవాబు రావాలి. చూడ్డానికి బాగానే ఉంది. ఆ గడువులు వేసినవాళ్లు మట్టిగోడను ఎన్నడూ చూడలేదన్నదొక్కటే చిక్కు. వైశాఖంలో బీట వారిన గోడ ఆషాఢం దాకా ఆగితే ఎక్కువ. మరమ్మతు అంటే నిలబడి ఉన్న ఇంటికి చేసేది. కూలిన ఇంటిని మళ్లీ అదే కొలతల్లో లేపినా చట్టం దాన్ని పునర్నిర్మాణం అంటుంది, నిషేధిత ప్రాంతంలో దానికి అనుమతి లేదు. గోడ నిలబడ్డంత కాలం కాగితం రాదు, పడిపోయాక కాగితంతో పనిలేదు.

ఇక కోతులు. ఏ ఆఫీసు కాగితంలోనూ వాటి ఊసు లేదు కాబట్టి నేనే రాస్తున్నాను. మా ఏకశిల గుట్ట మీది నుంచి దిగిన మంద ఒక్క పూటలో యాభై గూన పెంకలు తీసి కింద పడేస్తుంది, కింద ఏముందో చూడ్డానికి. కొత్త పెంకలు చేసే కుమ్మరి ఆవాలు చల్లారిపోయాయి. పాత ఇళ్లు కూలిన చోట ఏరుకొచ్చిన పెంకలే గతి. వాసాలు మార్చే వడ్లాయన దొరకడు, దొరికితే ఆయన కూలికి రెండు రేకులు వస్తాయి. అందుకే ఊళ్లో ఒక్కో పెంకుటిల్లు నీలం రేకుల నెత్తి వేసుకుంటోంది. తోరణం దగ్గర ఫొటో దిగేవాళ్లు ఆ నీలం రంగు పడకుండా వంగి, పక్కకు జరిగి తంటాలు పడుతుంటారు. మీ చల్లని పాలనలో కాపాడిన దృశ్యం అదీ.

మా ఇల్లు 1992కు ముందుదే అని రుజువు కావాలన్నారు. ఇంటిపన్ను రసీదులను చెదలు తిన్నాయి. చివరికి మా అమ్మానాన్నల పెళ్లి ఫొటో దొరికింది. వాళ్ల వెనక మా గోడే, సున్నం వేసి, మామిడి తోరణం కట్టి ఉంది. ఫొటో వెనక తేదీ లేదు. పోనీ ఒక మాట అడుగుతా: 1992 జూన్ 16 మంగళవారం. మా బాపు మంగళవారం పూట గోరు కూడా తీయనివ్వడు, ఇంకా ఇల్లు మొదలుపెడతాడా? ఇది సాక్ష్యంగా చెల్లుతుందేమో చూడగలరు.

మీరు కాపలా కాస్తున్న ఈ కోట పుట్టుక సంగతి మీకు ఎవరైనా చెప్పారో లేదో. రాతికోట గణపతిదేవుడు మొదలుపెట్టాడు, కూతురు రుద్రమదేవి పూర్తి చేసింది. తండ్రి వదిలిన పనిని కూతురు పైకెత్తిందని మేమంతా పొంగిపోతాం. మీ నిర్వచనంలో అది నిలువు పొడిగింపు. 1323లో ఢిల్లీ సేన వచ్చి నడుమనున్న స్వయంభూ దేవుడి గుడిని నేలమట్టం చేసింది, తోరణాలు మిగిలాయి. తరువాతెప్పుడో ఆ తోరణాలకు కూతవేటు దూరంలో ఖుష్‌మహల్ లేచింది. శితాబ్‌ఖాన్ కట్టించాడని చాలామంది అంటారు. ఎవరు కట్టించినా, పాత కట్టడం పక్కన కొత్త హాలు వేశారు. ఇప్పుడదీ రక్షిత కట్టడమే, దాని చుట్టూ మళ్లీ మీరే. మా బాత్రూంకు అయిదొందల ఏళ్లు నిండేదాకా ఆగే ఓపిక మా అమ్మకు లేదు.

మీరు లేకపోతే ఏమయ్యేదో నాకు తెలియదనుకోకండి. మీరు లేని చోట పాత బురుజులు ప్లాట్లు కావడం, జేసీబీ ఒక్క రాత్రిలో అగడ్త పూడ్చేయడం చూశాను. మీరు గనక లేకుంటే మధ్యకోటలో నాలుగంతస్తుల లాడ్జీ ఒకటి లేచి, దానికి “హోటల్ కాకతీయ తోరణం వ్యూ” అన్న బోర్డు వెలిసి ఉండేది. మేమూ తులసిదళాలం కాదు. మా పెదనాయన ఇంటి గడప కింద తిరగేసిన రాయికి పద్మం చెక్కి ఉంది. మా దొడ్లో బట్టలుతికే బండ ఏ మంటపానిదో దేవుడికే ఎరుక. ఏడు వందల ఏళ్లుగా ఆ రాళ్లు ఇళ్లలోకి నడిచొస్తూనే ఉన్నాయి. ఆ నడక ఆపినందుకు మీకు నిజంగానే దండం.

నా గొడవ అది ఆగిన తీరు మీద. మీకు దూరం ఒక్కటే కనిపిస్తుంది. 98 మీటర్ల దగ్గర మట్టి అరుగుకు సిమెంటు పూసినా కాదంటారు. 301వ మీటరు దగ్గర అద్దాల మేడ లేచి తోరణం వెనక ఆకాశమంతా మింగినా అది మీ లెక్కలోకి రాదు. సుతారి అడిగిన ప్రశ్నకు అర్థం కూడా తరువాతే తెలిసింది. ఊళ్లో రెండో శనివారం కలిసొచ్చిన రాత్రులు కాంక్రీటు మిల్లరు చప్పుడు వినిపిస్తుంది. తెల్లారేసరికి పిల్లర్ల మీద స్లాబు ఉంటుంది. నీళ్లు సరిగా పట్టరు, కంకర కలిసిందో లేదో చీకట్లో చూసేవాడుండడు. దానికొక నోటీసు వస్తుంది, గోడకు అంటిస్తారు, వానకు తడిసి రాలిపోతుంది. అడగనివాడు స్లాబు కింద పడుకున్నాడు. అడిగినవాడు బక్కెట్లు పెట్టుకొని కారే చోట్లు లెక్కపెడుతున్నాడు. ఈ లెక్క ఊళ్లో ప్రతి పిల్లాడికీ వచ్చు. చట్టం మీద గౌరవం నేర్పాలనుకుంటే ఇంతకన్నా చెడ్డ బడి దొరకదు.

ఇంతకీ నేను అడిగేది మీరు పోవాలని కాదు. 2010 సవరణలోనే ఒక మంచి మాట రాసుంది. ఒక్కో కట్టడానికీ దానికి తగిన వారసత్వ బైలాలు విడివిడిగా రాయాలట. దేశంలో కేంద్రం రక్షణలో ఉన్నవి మూడున్నర వేలకు పైనే. అన్నిటికీ ఆ బైలాలు ఇంకా రాలేదు. అన్నిచోట్లా మీరొక్కరే దిక్కు. కొండ మీది కోటకూ, పొలంలోని రాతిశాసనానికీ, మనుషులు కాపురముంటున్న మా ఊరికీ ఒకే టేపు. మా ఊరికి సంబంధించినవి రాయించండి. ఇంటి ఎత్తు ఇంతకు మించొద్దనండి. ముందు వైపు అరుగు, పెంకు వాలు చెడగొట్టొద్దనండి. రేకులొద్దంటే పెంకలు దొరికే దారి చూపండి. పునాది తవ్వేటప్పుడు పురావస్తు శాఖ మనిషి దగ్గరుండాలనండి, ఏ రాయి బయటపడినా వాళ్లకే అప్పజెబుతాం. తోరణం వైపు కనిపించకుండా, ఇంటి వెనక, ఒక్క అంతస్తులో స్నానాల గది కట్టుకోవచ్చని చట్టంలోనూ ఒక ముక్క చేర్చండి. దాన్ని తెలుగులో అచ్చు వేయించి వార్డు ఆఫీసు గోడకు అతికించండి. అప్పుడు రాత్రి కట్టినవాణ్ణి నేనే పట్టిస్తా, మా బావమరిదైనా సరే.

పెళ్లి ఫొటో నకలు దీనికి జత చేశాను. అసలు ఇవ్వనన్నది మా అమ్మ.

మీరొకసారి స్వయంగా వచ్చి చూస్తే బాగుంటుంది దొరా. టేపు మీదే, కుర్చీ మాది. అమ్మ చాయ్ పెడుతుంది, చక్కెర కాస్త ఎక్కువే వేస్తుంది. వానాకాలంలో వస్తే మాత్రం గొడుగు వెంట తెచ్చుకోండి. బాత్రూం ఇంకా జామచెట్టు అవతలే ఉంది.

ఇట్లు,
మధ్యకోట నివాసి,
మీ ఏలుబడిలో 41వ మీటరు.