ఎడమ మూలకో లావుపాటాయన

విజయవాడ స్టేషన్లో ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద ఓ పెద్దాయన ఇడ్లీ పొట్లం విప్పి మొదటి ముక్క నోట్లో పెట్టుకోబోతున్నాడు. మా బావ నా భుజం గోకి, "ఒరేయ్, ఆయన ఇంకో పది నిమిషాలు తింటాడంటావా?" అన్నాడు.

ఆయన ఆకలి నాకేం తెలుసు? "నాలుగు ఇడ్లీలున్నాయి బావా" అన్నాను.

"నాలుగైతే చాలు. కాళ్ళదాకా వచ్చేస్తా" అంటూ పెన్ను మూత నోట్లో కరుచుకున్నాడు.

బావంటే మా అక్క మొగుడు, మా మేనత్త కొడుకు కూడా. రెండువైపులా చుట్టరికం కాబట్టి తప్పించుకునే దారి లేదు. బ్యాంకులో ఉద్యోగం. అయిదేళ్ళ కిందట ఆయనకి ఎవరో స్కెచ్‌బుక్కు బహుమతిగా ఇచ్చారు. ఎవరిచ్చారో ఇప్పటికీ చెప్పడు. చెబితే మా అక్క వాళ్ళింటికి వెళ్ళి అడుగుతుందని భయం.

ఈ స్కెచ్‌బుక్కు జాతివాళ్ళు మీకూ తగిలే ఉంటారు. భుజానికి అడ్డంగా ఓ సంచి, చేతిలో అరచెయ్యి కంటే కాస్త పెద్ద పుస్తకం. చూపు మీ మొహం మీద వాలుతుంది, కిందికి పోతుంది, మళ్ళీ వాలుతుంది. మీరు తలతిప్పి చూశారో, అప్పటిదాకా సీలింగు ఫానునే చూస్తున్నట్టు నటిస్తారు. ఇందులో సాధువులూ ఉన్నారు. కనబడ్డ మనిషిని గీసుకుని, పేజీ తిప్పి, టీ తాగి వెళ్ళిపోతారు. వాళ్ళవల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. మా బావది పేజీ కూర్చే జాతి. ఈయనకి మనుషులు సామాను, పేజీ ఇల్లు. ఏ బీరువా ఏ గోడకి ఆనించాలన్నదే రాత్రీ పగలూ బెంగ.

ఆ ఇల్లు ఏమంత పెద్దది కాదు. ఏ5 సైజు: 148 మిల్లీమీటర్లు అడ్డం, 210 నిలువు. పుస్తకం విప్పి రెండు పేజీలూ కలిపితే సరిగ్గా ఏ4 కాయితమంత. నడిమధ్యన బైండింగు కుట్టు. ఆ కుట్టు మా బావకి కృష్ణానది. దానిమీద ఎవరి మొహమూ పడకూడదు. పడితే ముక్కు మడతలోకి పోయి మనిషి జబ్బుపడ్డట్టు కనిపిస్తాడు. అలాగని నదికి అటో ఊరు ఇటో ఊరు వదిలేస్తే రెండు పేజీలకీ మాటలుండవు. అందుకని కుట్టు దాటించడానికి కూలీ నెత్తిమీది పెట్టో, బెంచీ అంచో, ఎవరో చాచిన చెయ్యో పట్టుకొస్తాడు. దాన్ని వారధి అంటాడు. ప్రకాశం బ్యారేజీ కట్టినవాళ్ళయినా ఇంత హైరానా పడి ఉండరు.

ఇంకో సంగతి తీగ. బట్టలారేసే తీగే. పేజీకి అడ్డంగా సన్నటి పెన్సిలు గీత గీసి, "తలలన్నీ దీనికి తగిలించాలి" అంటాడు. నేను నవ్వాను. నన్ను లేపి నిలబెట్టి చూపించాడు. మనం నిలబడి చూస్తే, నేల సమంగా ఉన్నచోట, మన ఎత్తువాళ్ళ కళ్ళన్నీ ఒకే వరసలో ఉంటాయి, పక్కనున్నవాడివైనా, ప్లాట్‌ఫారం చివరున్నవాడివైనా. తేడా అంతా కాళ్ళ దగ్గరే. దూరంవాడి కాళ్ళు పైకి వచ్చేస్తాయి, దగ్గరవాడి కాళ్ళు పేజీ దాటి కిందికి దిగిపోతాయి. చూస్తే నిజమే. ఆ రోజునుంచి నాకు జనం జనంలా కనబడటం లేదు. పెళ్ళి భోజనాల దగ్గర వరస చూసినా ఆరేసిన బట్టల్లాగే ఉంటారు.

ఈ తీగవల్ల ఒక నష్టం ఉంది. మధ్యలో కూర్చుంటే కళ్ళ ఎత్తు మారిపోయి తీగ తెగుతుంది. కాబట్టి మడత స్టూలు మోసుకొచ్చిన మనిషి దానిమీద కూర్చోడు. అక్క కూర్చుంటుంది. నేను సామానుకి కాపలా నిలబడతాను.

ఇడ్లీ పెద్దాయన మూడో ఇడ్లీ అవుతుండగానే లేచాడు. ఆయన బండి వచ్చేసింది. బావ ఆయన వెళ్ళినవైపు, బాకీ ఎగ్గొట్టి ఊరొదిలిన ఖాతాదారుణ్ణి చూసినట్టు చూశాడు. అప్పటికి పేజీలో నడుందాకా ఉన్నాడు పాపం, లాల్చీ, కండువాతో. అదే బెంచీ మీద ఓ కాలేజీ కుర్రాడు చేరబడ్డాడు. బావ మారు మాట్లాడకుండా ఆ కుర్రాడి జీన్సూ, కాన్వాసు బూట్లూ తెచ్చి కండువా కింద తగిలించాడు.

నేను ఊరుకోలేకపోయాను. ఎందుకంటే అంతకుముందు అరగంటసేపు నాకు అర్బన్ స్కెచర్స్ గురించి ఉపన్యాసం ఇచ్చింది ఈయనే. 2007లో సియాటెల్లో గేబ్రియల్ కాంపనారియో అనే పత్రికా చిత్రకారుడు మొదలుపెట్టాడట. ఉన్నచోటే నిలబడి, కళ్ళెదుట ఉన్నది ఉన్నట్టు గీయడం వాళ్ళ నియమమట. "మరి ఈ శాల్తీ ఎక్కడున్నాడు బావా?" అన్నాను.

"పైవాడు ఉన్నాడా లేదా? కిందివాడు ఉన్నాడా లేదా? ఇద్దరూ ఉన్నవాళ్ళేగా!"

బ్యాంకువాళ్ళకి లెక్క సరిపోతే చాలు.

ఆయన దగ్గర ప్రతి తప్పుకీ చిత్రకారుల్లో ఒక మహానుభావుడు సాక్షిగా ఉన్నాడు. స్థలం చాలక మనిషి భుజం పేజీ అంచున తెగిపోతే డెగా కూడా అలాగే తెగ్గొట్టేవాడంటాడు. ఎక్కడివాళ్ళక్కడ, ఒకరికొకరు సంబంధం లేకుండా చెల్లాచెదరుగా పడ్డారనుకోండి, అది హొకుసాయ్. 1814లో మొదలై పదిహేను సంపుటాలు వచ్చిన ఆయన 'మంగా' చూడమంటాడు. ఒక ఏడాదంతా మారియో మిరాండా పూనాడు. ఆ ఏడాది పుస్తకంలో సందు లేదు. రైతుబజారు గీస్తే వంకాయలకి కూడా చోటు దొరక్క జనం నెత్తిన పడ్డాయి. ఆ తర్వాత బాపు పూనాడు. నాలుగు గీతలు, తక్కినదంతా తెలుపు. బాపు వదిలిన ఖాళీ కూడా బొమ్మలో భాగమే, అందులో అబద్ధం లేదు. కానీ ఖాళీ వదలాలంటే ముందు ఆ నాలుగు గీతలు రావాలి కదా. మా అక్క ఆ ఏటి పుస్తకం చివరిదాకా తిరగేసి, "ఇంకా బోలెడు కాయితం మిగిలిందే, పాలలెక్కకి వాడుకోనా?" అంది. బావ రెండురోజులు అన్నం సరిగ్గా తినలేదు.

మళ్ళీ స్టేషన్‌కి వద్దాం. మార్గశిరం, భవానీలు దీక్ష విరమించడానికి వచ్చే రోజులు. ప్లాట్‌ఫారం అంతా ఎరుపు. ఇరుముళ్ళతో ముగ్గుర్ని కుడి పేజీలో వరసగా తీగకి తగిలించి, ఎర్ర పెన్సిలు దట్టంగా దిద్దాడు. నిజం చెప్పొద్దూ, చాలా బాగా వచ్చింది. నాకు బాగుందంటే ఆయనకి అనుమానం.

"పేజీ కుడివైపుకి ఒరిగిపోయింది. ఎడమ కింది మూలకి ఓ లావుపాటాయన్ని చూసిరా" అన్నాడు.

వెళ్ళాను. చిన్నప్పుడు ఈయన పంపితే సోడాకి వెళ్ళేవాణ్ణి, ఇప్పుడు దీనికి. మంచినీళ్ళ కుళాయి దగ్గర దొరికాడు. నీలంగళ్ళ చొక్కా, బొత్తాలమీద ఎంతో భారం వేసిన పొట్ట. వచ్చి చెప్పాను.

"ఎటు చూస్తున్నాడు?"

"అటు, గుంటూరు వైపు."

"లాభం లేదు. మూలనున్నవాడు పేజీ లోపలికి చూడాలి. బయటికి చూస్తే బొమ్మ చూసేవాడి కళ్ళు కూడా వాడివెంటే బయటికి పోతాయి."

"కాస్త ఇటు తిరగమని అడగనా?"

"అడిగి గీస్తే అది ఫోటో స్టూడియోరా!" అని కసిరి, అక్కణ్ణించే మెడసాచి ఆయన్ని గీసుకోవడం మొదలుపెట్టాడు. ఇంతలో మా బండి మూడో నంబరు మీదికొస్తోందని మైకులో చెప్పారు. అక్క స్టూలు మడిచింది. నేను పెట్టెలెత్తాను. బావ మాత్రం నడుస్తూ, మెట్లెక్కుతూ, నావైపు చూస్తూ ఏదో గీస్తూనే ఉన్నాడు. "ఒరేయ్, అలా ఉండు, కదలమాక" అన్నాడు. రెండు పెట్టెలతో మెట్లమీద కదలకుండా ఉండటం ఎలాగో చెప్పలేదు.

సంక్రాంతికి ఆ పుస్తకం మా ఇంటికొచ్చింది. మా ఆవిడ చూసింది. కుడివైపు ముగ్గురు భవానీలు, కుట్టుమీద కూలీ పెట్టె, కండువా కింద జీన్సు. ఎడమ మూలన నీలంగళ్ళ చొక్కా, ఆ పొట్ట, దానిమీద శ్రద్ధగా పేజీ లోపలికి చూస్తున్న నా తల. పోలిక ఇంత బాగా కుదరడం మా బావకి అదే మొదటిసారి. అప్పట్నుంచీ రాత్రిళ్ళు నాకు రెండు పుల్కాలే.

ఆ డిసెంబరులో ఒకటో నంబరు ప్లాట్‌ఫారం కుళాయి దగ్గర నీలంగళ్ళ చొక్కాతో నిలబడ్డ పెద్దమనిషి ఇది చదువుతుంటే ఒక్క మనవి. దయచేసి ఒకసారి మా ఇంటికొచ్చి, మీ పొట్ట మీరు తీసుకెళ్ళండి.