పారాసిటమాల్ పాస్‌పోర్టు

ఫ్లూ చెలరేగిన రోజుల్లో విదేశాలకు వెళ్లొచ్చే మనవాళ్ల ఆరోగ్య సూత్రం ఒక్కటే: దొరక్కూడదు. జ్వరం వస్తే రానీ, వచ్చినట్టు తెలియకపోతే చాలు. విమానం దిగబోయే ముందు ఒక పారాసిటమాల్ వేసుకుని, చన్నీళ్లతో మొహం కడుక్కుని, థర్మల్ స్కానర్ ముందు కొత్త పెళ్లికొడుకులా నవ్వుతూ నిలబడతారు. పాపం, ఆ యంత్రానికి తెలిసింది ఒంటి వేడి మాత్రమే. ఫ్లూ వైరస్ ఒంట్లో దూరాక లక్షణాలు బయటపడడానికి ఒకటి నుంచి నాలుగు రోజులు పడుతుంది, బయటపడడానికి ఒక రోజు ముందునుంచే పక్కవాడికి అంటుతుంది. మాత్ర సంగతి సరే, ఇది ఆ యంత్రానికెలా తెలుస్తుంది?

ఆ పైన ఫారం. దగ్గుందా? లేదు. గొంతు నొప్పి? లేదు. జ్వరం? అబ్బే! సంతకం చేస్తుండగా తుమ్మొస్తే దుమ్ము ఎలర్జీ.

ఇందులో ప్రయాణికుడిదే తప్పంటే నేనొప్పుకోను. టికెట్టు వాయిదా వేసుకుంటే పెనాల్టీ కట్టాలి, జ్వరం దాచుకోవడం ఉచితం. నిజం చెప్పినవాడు ఐసోలేషన్‌కి, అబద్ధం చెప్పినవాడు ఇంటికి. ఇంత చక్కటి ఏర్పాటు చేసిపెట్టి, ప్రజల్లో నిజాయితీ లేదని వాపోవడం ప్రభుత్వాలకే చెల్లింది.

2009 స్వైన్ ఫ్లూ అప్పుడు ఏలినవారి ప్రతాపం చూశాంగా. ఒక్క మనిషికీ ఇంకా జబ్బు కనబడని ఈజిప్టు, మనుషుల నుంచి మనుషులకు పాకుతున్న రోగానికి దేశంలోని పందులన్నిటినీ కోసిపారేయమంది. హాంకాంగ్ ఏమో, మెక్సికో నుంచి వచ్చిన అతిథి ఒకడికి ఫ్లూ తేలిందని, హోటలుకి తాళం వేసి దాదాపు 300 మందిని వారం రోజులు లోపలే ఉంచింది. మన దేశంలో తొలి కేసు ఆ మే నెలలో అమెరికా నుంచి శంషాబాద్‌లో దిగింది. ఆ రోగిని చేర్చిన ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రికి రాత్రికి రాత్రే కీర్తి వచ్చింది, గోడలకు సున్నం రాలేదు.

ఇక ప్రయాణానికి మన తయారీ. ఆవకాయ, గోంగూర, కందిపొడి, సున్నుండలు అన్నీ స్ప్రింగు త్రాసుకి తగిలించి 23 కిలోలకు గ్రాము తేడా రాకుండా సర్దుతాం. ఫ్లూ టీకా మాత్రం, "ఇప్పుడెందుకండీ, సూది పడితే ఒళ్లు వెచ్చబడుతుంది" అని వాయిదా. పనిచేయడానికి రెండు వారాలు పట్టే ఆ టీకా త్రాసులో తూగదు, కస్టమ్స్‌వాళ్లు అడ్డుకోరు, నూనె కారదు. అందుకే కాబోలు దానికి చోటు దొరకదు. బదులుగా జేబులో కర్పూరం మూట, గడ్డం కింద మాస్కు.

ఇల్లు చేరాక కౌగిలింతలు, సత్యనారాయణ వ్రతం, దగ్గుతూనే అందరి చేతుల్లోకీ ప్రసాదం. నాలుగో రోజుకి వీధంతా దగ్గు. "విమానంలో ఏసీ మరీ ఎక్కువ పెట్టారండీ, పడలేదు" అంటాడు వచ్చినాయన. వింటున్నవాళ్లూ దగ్గుతూనే తలలూపుతారు. వాళ్లలో ఒక్కరూ విమానం ఎక్కి ఎరగరు.