ఆకులు లెక్కపెట్టే ఆసామి

అమెరికాలో తొలినాటి బంగారు నాణేలు పోగుచేసే ఆసామికి బంగారం మీద మోజు ఉండదు. ఉంటే కడ్డీలు కొనుక్కునేవాడు. అతని లోకం 1795లో మొదలై 1834లో ముగుస్తుంది. ఫిలడెల్ఫియా టంకశాల బంగారు నాణేలు కొట్టడం మొదలుపెట్టింది మొదటి ఏడాది. వాటి బరువు తగ్గిస్తూ చట్టం వచ్చింది రెండో ఏడాది. 1835 నాటి నాణెం చూపిస్తే, నిన్నగాక మొన్న పుట్టిన దాన్ని చూసినట్టు చూస్తాడు.

ఈ నాణేలు మూడు రకాలు: పది డాలర్ల ఈగిల్, ఐదు డాలర్ల హాఫ్ ఈగిల్, రెండున్నర డాలర్ల క్వార్టర్ ఈగిల్. మొదట్లో వీటి మీద విలువే చెక్కలేదు. ఒకవైపు స్వేచ్ఛాదేవి ముఖం, రెండోవైపు గద్ద. మామూలు మనిషి చూపు ఇక్కడితో ఆగిపోతుంది. ఆసామి మాత్రం భూతద్దం తీసి, 1795 ఈగిల్ మీద గద్ద కాళ్ల కింది కొమ్మకు ఎన్ని ఆకులున్నాయో లెక్కపెడతాడు. మామూలుగా 13. ఒక అచ్చులో మాత్రం 9. ఆకులు రాలితే ధర పెరిగే కొమ్మ ఇదొక్కటే. కోడిగుడ్డు మీద ఈకలు పీకడమంటే ఇదేనని గిట్టనివాళ్లు అంటారు కానీ, ఇక్కడ గద్దా ఉంది, ఈకలూ ఉన్నాయి కాబట్టి ఆ మాట చెల్లదు.

గీతల విషయంలో అతనికో ధర్మశాస్త్రం ఉంది. ఆ రోజుల్లో బిళ్ల బరువు ఎక్కువైతే ఆకురాయితో అరగదీసి, ఆ తర్వాతే ముద్ర కొట్టేవారు. ఆ గీతలు పుట్టుమచ్చల్లాంటివి, చూపించి మురిసిపోతాడు. అదే గీత ముద్ర పడ్డాక పడిందా, నాణెం చెడిపోయినట్టే. ఇక ఏ పూర్వకాలపు ఇల్లాలో తళతళలాడాలని తోమిపెట్టి ఉంటే, ఆమెను తలుచుకుని ఇప్పటికీ పళ్లు నూరతాడు.

మార్కుల గొడవ ఇంకోటి. విలియం షెల్డన్ 1949లో రాగి సెంట్ల కోసం కట్టిన 1 నుంచి 70 దాకా లెక్కే ఇప్పుడు బంగారానికీ వర్తిస్తోంది. పరీక్షించిన సంస్థ మార్కు వేసి, నాణేన్ని ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి ఇస్తుంది. కాబట్టి సొంత నాణేన్ని వేలితో తాకే యోగం ఆసామికి లేదు. పెట్టెను దీపం కింద ఇటు వంచి, అటు వంచి, “62 రావాల్సింది, 61 వేశారు” అని వచ్చినవాళ్లందరికీ చెబుతాడు. పక్కవాడి నాణేనికి 62 వస్తే మాత్రం అది 61కి కూడా తగదంటాడు.

అతని ఆనందానికి అసలు మూలం మాత్రం కరిగిపోయిన నాణేలు. 1792 చట్టం ఒక పాలు బంగారానికి పదిహేను పాళ్ల వెండి అని లెక్క కట్టింది. యూరప్‌లో బంగారానికి అంతకంటే ఎక్కువే పలికేది. అందుకని నాణేలు ఓడలెక్కి వెళ్లి మూసల్లో కరిగిపోయాయి. 1822లో 17,796 హాఫ్ ఈగిల్స్ కొట్టినట్టు టంకశాల లెక్కల్లో ఉంది. ఆ ఏటివని తెలిసినవి మూడే. రెండు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉన్నాయి. మూడోది 2021 వేలంలో 84 లక్షల డాలర్లు పలికింది. అందులో ఉన్న మేలిమి బంగారం ఎనిమిది గ్రాములు, తెలుగువాళ్ల లెక్కలో కాసు. కరిగించినవాళ్లను ఆసామి నలుగురిలో తిట్టిపోస్తాడు. లోలోపల వాళ్లకు రుణపడి ఉంటాడు.

ఆ మూడో నాణేనికి వంశావళి కూడా ఉంది. అమెరికా నాణేలన్నీ, తెలిసిన ప్రతి ఏటిదీ ప్రతి టంకశాలదీ, 1950 నాటికి పూర్తిచేసిన బాల్టిమోర్ బ్యాంకరు లూయిస్ ఎలియాస్‌బర్గ్ దగ్గర ఉండేది. 1982 వేలంలో 6,87,500 డాలర్లకు పోగ్ కుటుంబానికి చేరింది. వేలం కేటలాగుల్లో ఇలాంటి పేర్ల వరుసలో తన పేరూ అచ్చు కావాలన్నది ఆసామి జీవితాశయం. అలా అచ్చు కావాలంటే ముందు నాణెం అమ్మాలి. ఆ అమ్మకం ఏటా వచ్చే ఏడాదికి వాయిదా పడుతూ ఉంటుంది.