మంచోడే గని...

మా ఇంటామె వాళ్ల చెల్లెతో ఫోన్ మాట్లాడుతున్నంతసేపూ నా చేతిలో పేపర్ ఉంటుంది, చదివేది మాత్రం ఏమీ ఉండదు. కళ్లు పేపర్ మీద, చెవులు వంటింట్లో. ఎవరి బిడ్డ పెళ్లి కుదిరింది, ఎవరి కోడలు ఎవరితో మాట్లాడుతలేదు అన్న సంగతులు నాకు అక్కర్లేదు. మాటల్లో నా ముచ్చట వస్తే నన్ను ఏమని అంటుందా అన్నదే నా ఆరాటం. ‘మా ఆయన గట్టోడు’ అంటదేమో, ‘తెలివిగల్లోడు’ అంటదేమో అని కాచుకుని కూర్చుంటాను. ఎప్పుడు విన్నా ఒకటే మాట: ‘మంచోడే గని...’

ఆ ‘గని’ దగ్గర ఆమె గొంతు తగ్గుతుంది. తర్వాతిది నాకు వినపడదు. అవతల చెల్లె నవ్వు మాత్రం ఫోన్ దాటి వినపడుతుంది.

సింగరేణి శ్రీరాంపూర్ ఏరియాలో బొగ్గు బాయి పని చేసి బతికినవాణ్ని. బయట ఒక గని, ఇంట్లో ఒక గని. బయటి గనికి 61 ఏళ్లకు రిటైర్మెంట్ వచ్చింది. ఇంట్లో గనికి అటువంటి రూలేమీ లేదు.

మాది మనిషిని గుణంతో కాకుండా పనితో పిలిచే ఊరు. ల్యాంప్ రూం కాకా, హాలర్ మామ, టింబర్ అన్న. అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఎక్కడా కనిపించదు. నన్ను మొదట పిలిచిన పేరు ‘బదిలీ’. ఎవరన్నా నాగా పెడితే వాళ్ల జాగాలో దిగే బదిలీ ఫిల్లర్ అన్నమాట. ఏడాదిలో బాయి లోపల 190 మస్టర్లు (హాజర్లు), బయట పనైతే 240 మస్టర్లు పడితేగాని పర్మనెంట్ కాని రోజులు. పెళ్లిచూపుల్లో మా బాపు నా గురించి ‘పిలగాడు బుద్ధిమంతుడు’ అన్నాడు. (పొగడడానికి ఇంకేమీ దొరకనప్పుడు పెద్దలు వాడే మాట అది.) పిల్ల మేనమామ దాన్ని చెవిన పెట్టలేదు. ‘పర్మనెంటేనా, బదిలీనా?’ అన్నాడు. కొత్త చొక్కా, పక్కపాపిడి, మూతి మీద అప్పుడే కుదిరిన మీసం, ఇవన్నీ అతని కంటికి ఆనలేదు. ‘అందగాడు’ అన్న మాట కోసం పోయిన నేను, ‘వచ్చే ఏడాదికి పర్మనెంట్ అయితడు’ అన్న హామీ మీద పెళ్లికొడుకునయ్యాను.

తర్వాత పరీక్ష రాసి సర్దార్‌నయ్యాను. బాయిలో సర్దార్ అంటే మాటలు కాదు. షిఫ్టులో మనుషులు పనికి దిగకముందే పోయి పైకప్పు కట్టెతో తట్టి చూడాలి, గ్యాస్ ఉందేమో చూడాలి. గట్టి కప్పుకు ఒక చప్పుడు, డొల్లకు ఒక చప్పుడు. పొగడ్తల్లో కూడా ఆ తేడా పట్టుకునే చెవి నాకు అక్కడే వచ్చింది, అదే నా కర్మ. ‘సర్దార్ సాబ్’ అని పిలిపించుకోవడం ఎంత ఇష్టమంటే, ఇంటి గోడ మీద పేరు రాయించేటప్పుడు పేరుకన్నా హోదాను పెద్ద అక్షరాల్లో రాయించాను. మా కంపెనీ మాత్రం ఏం తక్కువ తిన్నది? హైదరాబాద్ దక్కన్ కంపెనీ అన్న పాత పేరు వదిలి 1920లో సింగరేణి కాలరీస్ అని పెట్టుకుంది. కంపెనీకి ఉన్న మోజు నాకుంటే తప్పా? ఇంటామె ఆ గోడను ఒకసారి చూసి, ‘బాయిల సర్దార్, ఇంట్ల జనరల్ మజ్దూర్’ అని బియ్యం సంచి చూపించింది.

2023 డిసెంబర్ 27న మా కంపెనీలో కార్మికుల గుర్తింపు సంఘం ఎన్నికలు జరిగాయి. వాటికి ముందు గేట్ మీటింగుల్లో ప్రతి నాయకుడూ మమ్మల్ని ‘నల్లసూర్యులు’ అన్నాడు. ఓట్ల కోసం అంటున్నారని తెలుసు, అయినా ఛాతీ పొంగింది. ఇంటికొచ్చి, ‘నల్లసూర్యులంటున్రే మమ్ముల’ అన్నాను. ‘సూర్యుడైతె తెల్లారంగనే లేస్తడు. నిన్ను లేపుడు నా వశం గాదు’ అంది.

అసలు మగవాళ్లకు ఏ మాట ఇష్టం? ఇదే సంగతి చాయ్ హోటల్ దగ్గర దోస్తుల ముందు పెట్టాను. ఒకడు ‘ధైర్యంగలోడు’ అన్నాడు, వాడు బల్లిని చూస్తే బయటికొచ్చి నిలబడతాడు. ఇంకొకడు ‘ఎవ్వరి మాటా విననోడు’ అని, అటూ ఇటూ చూసుకుని మెల్లగా అన్నాడు. ‘హుషారు’, ‘గట్టి’, ‘దమ్మున్నోడు’ అన్నీ వచ్చాయి. ‘ఓపికగలోడు’, ‘మెత్తనోడు’ మాకొద్దన్నారు. ‘మంచోడు’ అయితే ఎవరి నోటా రాలేదు. మా దగ్గర మంచోడంటే అప్పిచ్చి అడగనోడు, నైట్ షిఫ్ట్ మార్చుకుందామంటే కాదననోడు. ఆ పేరు మోయడం ఖర్చుతో కూడిన పని.

మా బొగ్గుబాయిల్లో ఇంకో మాట ఉంది. లోకమంతా ‘ఫిట్’ అనిపించుకోవాలని జిమ్ముల చుట్టూ తిరుగుతుంటే, ఇక్కడ మగవాళ్లు కోరుకునే మాట ‘అన్‌ఫిట్’. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత మిగిలిన దారి కారుణ్య నియామకం. కొత్తగూడెంలో మెడికల్ బోర్డు తండ్రిని అన్‌ఫిట్ అంటే పిల్లల్లో ఒకరికి నౌకరి. నిజంగా ఊపిరితిత్తులు దెబ్బతిని, గుండె కోతలు పడి ఆ మాట తెచ్చుకున్నవాళ్ల ముందు నేను నవ్వలేను. నా కథ వేరే. ఆ రోజుల్లో ఎప్పటిలాగే జరిగే డాక్టర్ పరీక్షకు పోయాను. లైన్లో నా వెనక కుర్ర సర్దార్ ఉన్నాడని పొట్ట లోపలికి పీల్చి, ఛాతీ విరిచి నిలబడ్డాను. కాగితం మీద ‘ఫిట్’ అని రాశారు. మిఠాయి పొట్లంతో ఇంటికొచ్చాను. బీటెక్ చదివిన కొడుకు మంచం మీద ఫోన్ చూసుకుంటున్నాడు. ఇంటామె పొట్లం విప్పనేలేదు.

‘కొడుకు ఇంట్ల కూసున్నడు, నువ్వేమో ఫిట్ అని మురుస్తున్నవ్. ఆ పొట్ట ఇడిశిపెడ్తె ఏంపోయె?’

ఇది మామూలు పరీక్షేనని, బోర్డు సంగతి వేరని ఎంత చెప్పినా ఎక్కలేదు. ఆ రాత్రి చెల్లెకు ఫోన్ చేసినప్పుడు ‘గని’ తర్వాత ముచ్చట చాలాసేపు నడిచింది. కొడుక్కి తర్వాత హైదరాబాద్‌లో ఉద్యోగం దొరికింది, నా పొట్ట ప్రమేయం లేకుండానే.

ఇప్పుడు వయసు మాటలతో వేగాల్సి వస్తోంది. ఆడవాళ్లకు బస్సు ఉచితమైనప్పటి నుంచి మంచిర్యాల బస్సులో నాలాంటివాళ్లకు సీటు దొరకడం గగనం. మొన్న ఒక పిల్ల లేచి, ‘తాతా, కూసో’ అంది. సీటు కావాలి, తాత వద్దు. ‘పర్వాలేదమ్మా’ అని కడ్డీ పట్టుకుని మంచిర్యాల దాకా నిలబడ్డాను. రాత్రి మోకాళ్లకు జండూబామ్ రాస్తూ ఇంటామె ఎందుకు నొస్తున్నయని అడిగింది. చెప్పలేదు. చెబితే రేపటికల్లా చెల్లెకు తెలుస్తుంది.

కాబట్టి అయ్యా, అమ్మా, చాయ్ హోటల్ దగ్గరో బస్టాండులోనో తలకు రంగేసుకుని, పొట్ట లోపలికి పట్టుకుని నిలబడ్డ మనిషి కనిపిస్తే దయచేసి ‘అన్నా’ అని పిలవండి, చాయ్ నేను తాగిస్తాను. ‘అంకుల్’ అంటే ఎవరి చాయ్ డబ్బులు వాళ్లవే. ‘తాత’ అంటే నా చాయ్ డబ్బులు కూడా మీరే కట్టాలి.