జైలు స్థలంలో స్టేడియం, రోడ్డు మీద ఖైదు

సిడ్నీ వాళ్లది మరీ పిరికితనం. ఒలింపిక్స్ 2000లో అయితే, 1998లోనే ఈస్టర్ వ్యవసాయ ప్రదర్శనను ఆ క్రీడల ప్రాంగణానికి మార్చి, కొత్త రైల్వేస్టేషన్ జనాన్ని మోయగలదో లేదో చూసుకున్నారు. బీజింగ్ వాళ్లది ఇంకా చాదస్తం. తమ ఒలింపిక్స్‌కు ఏడాది ముందే, 2007 ఆగస్టులో నాలుగు రోజులు, రోజుకు సుమారు పదమూడు లక్షల కార్లను రోడ్డెక్కనివ్వకుండా ఆపి, గాలి ఎంత తేరుకుంటుందో, బస్సులు ఎంత తట్టుకుంటాయో తేల్చుకున్నారు.

కోయంబత్తూరులోని మా సింగానల్లూరుకు అలాంటి అనుమానాలు లేవు. పక్కనే ఒండిపుదూరులో అంతర్జాతీయ క్రికెట్ స్టేడియం కడతామని 2024 ఏప్రిల్‌లో, ఎన్నికల వేళ, అప్పుడు తమిళనాడు ముఖ్యమంత్రిగా ఉన్న స్టాలిన్ మాట ఇచ్చారు. చూపించిన స్థలం బహిరంగ జైలుది. ఎంత ముందుచూపు! మ్యాచ్ అయ్యాక తిరుచ్చి రోడ్డు మీద ఇరుక్కునే జనానికి ఆ నేల సంప్రదాయం తప్పదు. పాత ఖైదీలకైతే విడుదల తేదీ అయినా ఉండేది.

రవాణా పరీక్ష అంటారా? అది ఏటా దీపావళికి ఉచితంగానే జరుగుతోంది. మదురై, తేని వైపు ప్రత్యేక బస్సులకు సింగానల్లూరు బస్టాండే దిక్కు. కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టేవాళ్లు, పిల్లల్ని లోపలికి అందించేవాళ్లు, అందరూ అభ్యర్థులే. కండక్టరు అరవంలో ‘ఉళ్ళే పోంగ’ (లోపలికి వెళ్లండి) అంటాడు, మనం తెలుగులో తిట్టుకుంటాం, ఊపిరి మాత్రం ఏ భాషలోనూ ఆడదు. పరీక్ష రాసేవాళ్లు వేలమంది, పేపరు దిద్దే నాథుడే లేడు.

పెద్ద బస్టాండు కావాలని ఎవరికో తోచి, పొరుగున వెళ్ళలూరులో 168 కోట్ల అంచనాతో 2020లో పని మొదలెట్టారు. ప్రభుత్వం మారింది, పని సగంలో ఆగింది. ప్రయాణికులకు బదులు స్తంభాలే ఏళ్ల తరబడి బస్సు కోసం నిలబడ్డాయి.

ఇక మెట్రో. ఇరవై లక్షల జనాభా లేదని 2025 నవంబరులో కేంద్రం కోయంబత్తూరు, మదురై నివేదికలను తిప్పి పంపింది. ఆ జనాభా లెక్క 2011 నాటిది. ఆ తర్వాత పుట్టిన పిల్లలు వీధిలో సిక్సర్లు కొట్టొచ్చు, స్టేడియంలో ఈలలు వేయొచ్చు, రైలెక్కడానికి మాత్రం ఢిల్లీ లెక్కలో వాళ్లింకా పుట్టలేదు. అదే లెక్కలో ఇరవై లక్షలు నిండని ఆగ్రాలో 2024 మార్చి నుంచే మెట్రో తిరుగుతోంది. చలువరాతిని కూడా జనాభాలో రాసుకున్నారేమో! పోనీ, మాకు మెట్రో వచ్చినా తొలి దశ దారులు అవినాశి రోడ్డు, సత్తి రోడ్డు. స్టేడియం మాత్రం తిరుచ్చి రోడ్డున. రెండింటినీ కలిపేది ప్రేక్షకుడి కాళ్లే.

అయ్యా పెద్దలారా, ఆట వద్దని ఎవరూ అనడం లేదు. మొదటి మ్యాచ్ టిక్కెట్లు అమ్మేముందు ఒక్క పని చేయండి. దీపావళి ముందురోజు సాయంత్రం ఆరింటికి మంత్రులు, అధికారులు, క్రికెట్ సంఘం పెద్దలు ఉక్కడంలో టౌను బస్సెక్కి ఒండిపుదూరు రండి. సైరన్ వద్దు, ముందు పోలీసు జీపు వద్దు, రిజర్వు సీటు అసలే వద్దు. నిలబడి వచ్చి, దిగాక గడియారం చూసుకుని, అప్పుడు చెప్పండి: ముందు కట్టాల్సింది గ్యాలరీనా, దారా?