నేను తాళంచెవిని, హక్కుని కాదు

నేను ఇంగ్లండులో ఒక అద్దె ఇంటి వీధి తలుపు తాళంచెవిని. ఇత్తడి ఒళ్లు, పైన నికెల్ పూత, ఒక అంచున ఎగుడుదిగుడు పళ్లు. అసలుది ఏజెన్సీవాళ్ల సొరుగులో ఉంది. నేను చెప్పులు బాగుచేసే కొట్లో మిషను మీద చేయించిన డూప్లికేటుని. ఒక్కో ఇంటికి నాలాంటివాళ్లం ఎంతమందిమి ఉన్నామో చాలాసార్లు యజమానికే లెక్క తెలియదు. చదువుకో ఉద్యోగానికో హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో వచ్చిన మనిషి నన్ను జేబులో వేసుకోగానే ఇల్లు దొరికిందని ఊపిరి పీల్చుకుంటాడు. ఆ ధీమా గురించే నా కథంతా. నేను చేతికొచ్చినంత మాత్రాన ఇంటి మీద హక్కు రాదు. నన్ను లాక్కున్నంత మాత్రాన ఉన్న హక్కు పోదు. పరాయి దేశంలో అద్దెకుండేవాళ్లు మొదటి మాట తెలియక డబ్బు పోగొట్టుకుంటున్నారు, రెండో మాట తెలియక భయపడి పెట్టె సర్దుకుంటున్నారు.

రెండోదే ముందు చెప్తాను, అది నా చావుతో ముడిపడిన సంగతి గనుక. ఇక్కడి కొత్తరకం తలుపుల్లో నేను దూరే భాగాన్ని యూరో సిలిండర్ అంటారు. తలుపు తెరిచి అంచు చూస్తే సిలిండర్‌కు ఎదురుగా ఒకే ఒక పొడవాటి స్క్రూ కనబడుతుంది. దాన్ని ఊడదీసి, నన్ను రంధ్రంలో పెట్టి కొద్దిగా తిప్పి లాగితే సిలిండర్ మొత్తం చేతిలోకి వచ్చేస్తుంది. కొత్తది తోసి స్క్రూ బిగిస్తే అక్కడితో నేను ఉత్త ఇత్తడి ముక్కని. కాఫీ కలుపుకునేంత సేపు పట్టదు. ఇంత తేలిగ్గా జరిగే పని కాబట్టే అద్దెదారు అక్కడితో అంతా అయిపోయిందనుకుంటాడు. కానీ 1977 నాటి ప్రొటెక్షన్ ఫ్రమ్ ఎవిక్షన్ చట్టం దృష్టిలో ఆ స్క్రూ విప్పిన చెయ్యి నేరం చేసిన చెయ్యి. మామూలు అద్దెదారుణ్ని ఇంట్లోంచి పంపాలంటే నోటీసు, దాని మీద కోర్టు ఉత్తర్వు, ఆ ఉత్తర్వు పట్టుకుని వచ్చే బెయిలిఫ్ అనే కోర్టు అధికారి, ఈ మూడూ కావాలి. అవి లేకుండా తాళం మార్చినా, పొమ్మనే ఉద్దేశంతో కరెంటు ఆపినా, సామాను వీధిలో పెట్టినా రెండేళ్ల దాకా జైలుశిక్ష పడొచ్చు. ఆ చట్టం అద్దెదారు పౌరుడా విదేశీయుడా అని చూడదు.

చూడకపోవడానికి చరిత్రలో కారణం ఉంది. 1950ల్లో లండన్‌లోని నాటింగ్‌హిల్‌లో పీటర్ రాక్‌మన్ అనే ఇళ్ల వ్యాపారి, తక్కువ అద్దెకు పాతుకుపోయిన కిరాయిదార్లను బెదిరించి వెళ్లగొట్టి, అవే గదులను ఇంకెక్కడా చోటు దొరకని కరీబియన్ వలసదారులకు ఎక్కువ అద్దెకు ఇచ్చాడు. తనూ పోలండు నుంచి వచ్చిన శరణార్థే. 1962లో అతను చనిపోయాక, మరుసటి ఏడాది మంత్రి ప్రొఫ్యూమో కుంభకోణంలో అతని పేరు బయటికి వచ్చి ఆ ఇళ్ల బాగోతం దేశమంతా తెలిసింది. 1964లో తాత్కాలికంగా, 1965లో రెంట్ యాక్ట్‌తో గట్టిగా, కోర్టు ప్రమేయం లేకుండా ఖాళీ చేయించడాన్ని అడ్డుకున్నారు. అంటే తర్వాత 1977 చట్టంలోకి చేరిన ఈ రక్షణ పుట్టిన కథలో వలస వచ్చినవాళ్ల అవస్థ కూడా ఉంది. విదేశీయులకు ఎవరో దయతలిచి పడేసిన భిక్ష కాదిది.

నా జాతి గురించి కోర్టులు నేరుగా తీర్పు చెప్పిన సందర్భమూ ఉంది. 1985లో స్ట్రీట్ వర్సెస్ మౌంట్‌ఫోర్డ్ కేసులో అప్పటి అత్యున్నత న్యాయస్థానం హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒక సూత్రం స్థిరపరిచింది: అద్దె తీసుకుని, కొంత గడువుకు, ఇంటిని పూర్తిగా ఒకరి స్వాధీనంలో ఉంచితే అది టెనన్సీయే, అంటే చట్టరక్షణ ఉన్న కిరాయే, కాగితం మీద ఉత్త అనుమతి అనే అర్థంలో లైసెన్సు అని రాసుకున్నంత మాత్రాన మారదు. దాన్ని తప్పించుకోవడానికి కొందరు యజమానులు నన్ను అడ్డు పెట్టుకున్నారు. తాళంచెవి మా దగ్గరే ఉంది, ఎప్పుడైనా లోపలికి వస్తాం, కాబట్టి గది అద్దెదారు స్వాధీనంలో లేదని వాదన. అలాంటిదే అస్లాన్ వర్సెస్ మర్ఫీ కేసు, అందులో అద్దెకిచ్చిన గది వెడల్పు నాలుగడుగుల మూడంగుళాలు, పొడవు పన్నెండున్నర అడుగులు. రోజూ ఉదయం పదిన్నర నుంచి మధ్యాహ్నం పన్నెండు దాకా అందులో ఉండకూడదని ఒప్పందంలో రాశారు, ఆ గంటన్నర మనిషి ఎక్కడికి పోవాలో మాత్రం రాయలేదు. అప్పీలు కోర్టు అదంతా పైపై నాటకమని తేల్చి, తాళంచెవి యజమాని దగ్గర ఉండటంలో ప్రత్యేకమైన మహిమ ఏమీ లేదని చెప్పింది. ఎందుకు ఉంచుకున్నాడన్నదే ప్రశ్న. పక్క సర్ది, దుప్పట్లు మార్చే సేవ నిజంగా చేస్తుంటే ఒక మాట. ఊరికే రాసుకుంటే ఇంకో మాట. నా విలువ ఎంతో కోర్టే చెప్పేసింది, నేను నొచ్చుకోను.

ఇక మొదటి మాటకు వస్తాను. మనవాళ్లకు అసలు దెబ్బ తగిలేది ఇక్కడే. సెప్టెంబరు, జనవరి బ్యాచ్‌ల ముందు వాట్సాప్ గ్రూపుల్లో రూమ్ షేరింగ్ ప్రకటనలు వస్తాయి: లండన్ ఈస్ట్‌హామ్‌లో మూడు పడక గదుల ఇల్లు, తెలుగువాళ్లే, వంట కలిసి, అడ్వాన్సు ఇంత. ఇల్లు ఎవరో ఒకరి పేరు మీద ఉంటుంది. మిగతావాళ్లు అతనికే నెలనెలా చేతికి డబ్బిస్తారు, అతను నన్ను ఇస్తాడు. అన్నా అని పిలుస్తారు కాబట్టి కాగితం అడగడానికి మొహమాటం. చట్టం దీన్ని ఎలా చూస్తుందంటే, ఆ ఇల్లే నివాసంగా ఉంటూ వంటగదీ స్నానాలగదీ మీతో పంచుకునే ఆ అన్నే మీకు ల్యాండ్‌లార్డు. మీరు అతని లాడ్జర్, అంటే అతని ఇంట్లో గది పంచుకుని ఉండేవారు. అలాంటివారిని 1977 చట్టంలోని కోర్టు రక్షణ నుంచి మినహాయించారు. సమంజసమైన గడువుతో నోటీసిస్తే చాలు, అది వారంవారం అద్దె అయితే వారం కావచ్చు. చేయి చేసుకోకూడదు, అంతే. ముక్కూమొహం తెలియని ఇంగ్లీషు యజమాని కోర్టు లేకుండా పంపలేని మనిషిని, మన జిల్లావాడు నోటిమాటతో పంపేయగలడు. పైగా అతను ఇంకొకరిని పెట్టుకోవడానికి యజమాని అనుమతి తీసుకోకపోతే, అతని ఒప్పందం కూలిన రోజున మీ చోటూ కూలుతుంది. అన్నలందరూ మోసగాళ్లని కాదు. చాలామంది నిజంగానే ఆదుకుంటారు. కానీ హక్కు అనేది మంచివాడితో బేరం చెడిన రోజున పనికిరావాలి.

యజమానుల వైపు నుంచీ వాదన ఉంది. విదేశీయుడు అద్దె ఎగ్గొట్టి విమానమెక్కితే పట్టుకునేదెవరు? న్యాయమైన భయమే. దానికి చట్టం ఇచ్చిన విరుగుడు డిపాజిట్, జామీను. 2019 నుంచి మామూలు ఇళ్లకు డిపాజిట్ ఐదు వారాల అద్దె దాటకూడదు. నెలకు 900 పౌండ్ల ఇంటికి అది 1,038 పౌండ్లు. ఆ సొమ్మును యజమాని 30 రోజుల్లో ప్రభుత్వ ఆమోదమున్న పథకంలో చేర్చాలి, లేకుంటే మూడింతల దాకా పరిహారం కట్టాల్సి రావచ్చు. అద్దెదారుల హక్కుల మీద 2025లో వచ్చిన చట్టం ప్రకారం 2026 మే 1 నుంచి కారణం చెప్పకుండా పొమ్మనే సెక్షన్ 21 నోటీసు రద్దు. ఇల్లు అమ్ముకోవాలన్నా తాము ఉండాలన్నా నాలుగు నెలల నోటీసివ్వాలి, అదీ మొదటి ఏడాది కుదరదు. ఒక నెలకు మించి అద్దె ముందుగా అడగకూడదన్నది కూడా అందులో ఉంది, దీని మీదే నాకు సందేహం. ఇంగ్లండులో జామీను ఇచ్చే చుట్టం లేని విద్యార్థి ఆరు నెలల అద్దె ముందే కట్టి ఇల్లు సంపాదించేవాడు. ఆ దారి మూసేస్తే యజమాని అతన్ని కాదని ఇంకొకరికి ఇవ్వొచ్చు, ఆ విద్యార్థి మళ్లీ వాట్సాప్ అన్న దగ్గరికే చేరొచ్చు. ఈ ఒక్క నిబంధన మంచి ఉద్దేశంతో పుట్టి, అవసరమున్నవాడికే అడ్డం పడేలా ఉంది.

వీసా సంగతి దీనికంటే బరువైనది. 2014 ఇమిగ్రేషన్ చట్టం కింద, 2016 ఫిబ్రవరి నుంచి ఇంగ్లండంతటా, అద్దెకిచ్చే ముందు ఆ మనిషికి దేశంలో ఉండే అనుమతి ఉందో లేదో యజమాని చూడాలి. స్కాట్లండులో ఈ తనిఖీ లేదు. చూడకుండా అనుమతి లేనివారికి ఇచ్చి దొరికితే 2024 ఫిబ్రవరి నుంచి యజమానికి ఒక్కో మనిషి లెక్కన 10,000 పౌండ్ల దాకా జరిమానా, మళ్లీ దొరికితే 20,000. ఇంత భయముంటే బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నవాడికి ఇచ్చేద్దామనుకోవడం మానవ సహజం. ఈ పథకం వివక్షకు దారితీస్తోందని 2019లో హైకోర్టు అంది. 2020లో అప్పీలు కోర్టు వివక్ష కొంత ఉందని ఒప్పుకుంటూనే పథకం చెల్లుతుందని తేల్చింది. ఇంట్లో ఉన్నవాళ్లెవరికీ అనుమతి లేదని హోం ఆఫీసు నోటీసిస్తే, యజమాని కోర్టుకు పోకుండానే 28 రోజుల గడువుతో ఖాళీ చేయించొచ్చు. నేను చెప్పిన రక్షణ గోడలో ఉన్న పెద్ద కంత ఇదే. కానీ వీసా చెల్లుబాటులో ఉన్నవాడు తాళం మార్చారని ఫిర్యాదు చేస్తే వీసాకు ముప్పు వస్తుందనుకోవడం ఉత్త అపోహ. ఆ అపోహనే పెట్టుబడిగా పెట్టుకున్న యజమానులు ఉన్నారు.

ఇదంతా కాగితాల మీద బాగుంది, పిలిస్తే పోలీసులే సివిల్ తగాదా అని వెళ్లిపోతారు కదా అంటారు. నిజమే, వెళ్లిపోతుంటారు. అక్రమంగా ఖాళీ చేయించడం నేరమని తెలియని పోలీసులూ ఉన్నారు. అందుకే మొదటి ఫోను కౌన్సిల్ హౌసింగ్ విభాగానికి చేయాలి. యజమాని మీద కేసు నడిపే అధికారం కౌన్సిల్‌కు ఉంది, దానికి అద్దెదారు లాయరును పెట్టుకోనక్కర్లేదు. మళ్లీ ఇంట్లోకి పంపమని సివిల్ కోర్టు ఆజ్ఞ ఇవ్వగలదు, ట్రిబ్యునల్ కట్టిన అద్దె వెనక్కిప్పించగలదు. ఇవన్నీ సాక్ష్యం అడుగుతాయి. చేతికిచ్చిన నోట్లకు సాక్ష్యం ఉండదు, బ్యాంకులో పంపిన అద్దెకు ఉంటుంది. నేను జేబులో ఉన్నానని చూపిస్తే ఎవరూ లెక్కపెట్టరు.

కాబట్టి నన్ను తీసుకునే ముందు ఇచ్చేవాణ్ని ఒక్క మాట అడగండి: ఈ ఇల్లు ఎవరిది, నీకు దీన్ని ఇచ్చే హక్కు ఎక్కడిది? యజమాని పేరూ చిరునామా రాతపూర్వకంగా అడిగితే అద్దె వసూలు చేసేవాడు 21 రోజుల్లో చెప్పాలి, చెప్పకపోవడం యజమాని-అద్దెదారుల మీద 1985లో వచ్చిన చట్టం ప్రకారం నేరం. అంతకాలం ఆగలేకపోతే ల్యాండ్ రిజిస్ట్రీ వెబ్‌సైటులో 7 పౌండ్లు కట్టండి, రిజిస్టరైన ఇల్లయితే యజమాని పేరు అప్పటికప్పుడే తెలుస్తుంది.